బాంబులతో వెళ్లి బైబిలుతో తిరిగి వెళ్లినవాడు
(మిత్సువో ఫుచిదా జీవితము)

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 33:1–11, లూకా 23:32–43, అపొస్తలుల కార్యములు 9:10–28.



యుద్ధము ముగిసి ఏండ్లు గడచిన పిమ్మట సైనికుడు తాను పోరాడిన దేశమునకు ప్రయాణికుడై మరల వెళ్లుట లోకములో క్రొత్త సంగతి కాదు. కొందరు తమతో కూడ ఉండి చనిపోయినవారి సమాధులు చూచుటకు వెళ్లుదురు. కొందరు రాత్రివేళ తమ నిద్ర చెరుపుచున్న స్థలము పగటి వెలుగులో ఎట్లుండునో చూడవలెనని వెళ్లుదురు. కొందరు ఒకప్పుడు తుపాకి గురి పెట్టిన మనుష్యునితో చేయి కలుపుటకు వెళ్లుదురు. అట్టి ప్రయాణము టిక్కెట్టు కొనినంత సులభము కాదు. అక్కడ తండ్రిని పోగొట్టుకొనిన పిల్లలు ఉందురు, కుమారుని పోగొట్టుకొనిన తల్లులు ఉందురు. వారి యెదుటికి ఏ ముఖముతో వెళ్లవలెను?

ఈ ప్రశ్నను తన జీవితమంతటితో ఎదుర్కొనిన ఒక మనుష్యుని చరిత్రను ఈ నెల మా పాఠకుల ముందుంచుచున్నాము. అతడు జపాను దేశస్థుడగు మిత్సువో ఫుచిదా. 1941లో పెర్ల్ హార్బరు ఓడరేవుమీద పడిన విమానములకు నాయకుడు అతడే. కొన్ని సంవత్సరముల పిమ్మట అదే అమెరికా దేశమునకు క్రీస్తు సువార్తికుడుగా వెళ్లినవాడును అతడే.

రైతుల నాడులో పుట్టిన సైనికుడు

ఫుచిదా 1902వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన జపానులోని నారా ప్రాంతములో జన్మించెను. ఆ ప్రాంతము పురాతన దేవాలయములకును వరి పొలములకును పేరు పొందినది. చిన్నతనము నుండి అతనికి సముద్రమనిన మక్కువ. 1921లో ఎటజిమాలోని నౌకాదళ విద్యాలయములో చేరెను. అక్కడ అతని సహపాఠి మినోరు గెండా. ఇరువురును విమానములయందు ఆసక్తి కలవారై స్నేహితులైరి. ఈ గెండాయే తరువాత పెర్ల్ హార్బరు దాడికి ఉపాయము పన్నినవారిలో ముఖ్యుడు. దానిని ఆకాశమునందు నడిపినవాడు ఫుచిదా.

ఆ కాలమున జపానులో సైనికునికి చక్రవర్తియే సర్వస్వము. చక్రవర్తి కొరకు చనిపోవుట ఘనత, పట్టుబడుట అవమానము, పగ తీర్చుకొనుట ధర్మము అని పిల్లలకు నేర్పుచుండిరి. ఫుచిదా ఆ బోధలోనే పెరిగెను. క్రీస్తు నామము అతనికి పరాయిది. చైనాతో జరిగిన యుద్ధములో విమానము నడిపి అనుభవము గడించెను. 1941 నాటికి విమానముల నడుపుటలోను, మనుష్యుల నడుపుటలోను అతనిని మించినవారు జపాను నౌకాదళములో అరుదు.

ఒక ఆదివారపు ఉదయము

1941 డిసెంబరు 7వ తేదీ ఆదివారము. హవాయి ద్వీపములలోని పెర్ల్ హార్బరు రేవులో అమెరికా యుద్ధనౌకలు వరుసగా లంగరు వేసియుండెను. రెండు దేశముల మధ్య యుద్ధము ఇంకను ప్రకటింపబడలేదు. ఉత్తర దిక్కున సముద్రముమీద ఆరు జపాను విమానవాహక నౌకలు చీకటిలో వచ్చి నిలిచెను. వాటిమీద నుండి మొదటి గుంపుగా 183 విమానములు లేచెను. వాటికి నాయకుడు ఫుచిదా. అప్పటికి అతనికి 39 ఏండ్లు.

ఎనిమిది గంటలు కావచ్చుచుండగా దాడి ఆరంభమాయెను. అతడు తాను ఆశించినట్లే శత్రువు ఏమరుపాటున ఉన్నాడని తన ఓడలకు తంతివార్త పంపెను. రెండు గంటలలో రేవంతయు మంటలమయమాయెను. అరిజోనా అను ఒక్క ఓడలోనే 1,177 మంది చనిపోయిరి. ఆ ఉదయము చనిపోయిన అమెరికనులు మొత్తము 2,403 మంది. మొదటి గుంపు తిరిగి వెళ్లిన తరువాతకూడ ఫుచిదా పైననే తిరుగుచు, నష్టమెంత జరిగెనో చూచి, చివరకు తన ఓడ చేరెను. జపాను దేశమంతయు అతనిని వీరుడని కొనియాడెను. చక్రవర్తి యెదుట నిలిచి ఆ వృత్తాంతమును విన్నవించు భాగ్యము అతనికి కలిగెను. లోకరీత్యా చూచిన, మనుష్యునికి ఇంతకంటె ఘనత ఏమి కావలెను?

మన తీరము వరకు

ఆ యుద్ధము దూరపు దేశములతోనే ఆగలేదు. 1942 ఫిబ్రవరి 19వ తేదీన ఫుచిదా విమానములను నడిపించుకొని ఆస్ట్రేలియాలోని డార్విను పట్టణముమీద పడెను. అక్కడ రెండు వందలమందికి పైగా చనిపోయిరి. అటుపిమ్మట జపాను నౌకలు హిందూ మహాసముద్రములో ప్రవేశించెను. ఏప్రిల్ 5వ తేదీ, క్రైస్తవులు ప్రభువు పునరుత్థానమును కొనియాడు ఈస్టరు ఆదివారమున, ఫుచిదా నాయకత్వమున విమానములు సింహళములోని కొలంబోమీద బాంబులు వేసెను. 9వ తేదీన ట్రింకోమలి రేవుమీద దాడి జరిగెను.

ఆ రెంటి నడుమ 6వ తేదీ సోమవారమున జపాను నౌకాదళములోని మరియొక భాగము మన తీరమునకు వచ్చెను. ఆ దళపు విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసెను. ఆ దాడిని నడిపినవాడు ఫుచిదా కాడు. అయినను అది అతడు పాల్గొనిన దండయాత్రలోనిదే. మన తీరమున జనులు మూటలు నెత్తిన పెట్టుకొని, పిల్లలను చంకనెత్తుకొని, లోపలి గ్రామములకు తరలిపోయిరి. ఆ సంగతి మన తాతలు, అవ్వలు చెప్పగా విన్నవారు ఆ ప్రాంతపు సంఘములలో నేటికిని ఉందురు. కనుక ఈ చరిత్ర మనకు బొత్తిగా సంబంధములేని పరదేశపు కథ కాదు. ఆ విమానముల మ్రోత మన పైకప్పులమీదను వినబడినది.

మరణము ప్రక్కగా పోయెను

అదే సంవత్సరము జూను 4వ తేదీన మిడ్వే ద్వీపము చెంత గొప్ప నౌకాయుద్ధము జరిగెను. దానికి కొన్ని దినములు ముందుగా అకాగి అను నాయక నౌకలోనే ఫుచిదాకు కడుపులో పేగుకు శస్త్రచికిత్స జరిగెను. అందుచేత అతడు విమానమెక్కలేక ఓడమీదనే ఉండెను. అమెరికా విమానములు వచ్చి అకాగిమీద బాంబులు వేసెను. మంటలలోనుండి త్రాడు పట్టుకొని దిగుచుండగా ప్రేలుడు అతనిని క్రిందికి విసరివేసెను. రెండు కాళ్లును చీలమండల యొద్ద విరిగెను. అయినను అతనిని మోసి తప్పించిరి. ఆ యుద్ధములో జపాను నాలుగు విమానవాహక నౌకలను పోగొట్టుకొనెను.

మూడేండ్ల తరువాత 1945 ఆగస్టులో ఫుచిదా పనిమీద హిరోషిమా నగరములో ఉండెను. 5వ తేదీన వేరొకచోటికి రమ్మని పిలుపు రాగా వెళ్లిపోయెను. మరునాటి ఉదయము ఆ నగరముమీద అణుబాంబు పడెను. ఆ సంవత్సరాంతము లోపల అక్కడ చనిపోయినవారు సుమారు 1,40,000 మంది అని అంచనా. బాంబు పడిన మరునాడు, నష్టమును పరిశీలించుటకు పంపబడిన అధికారులలో ఒకడుగా అతడు ఆ బూడిదలో నడచెను. పెర్ల్ హార్బరును పైనుండి చూచిన కన్నులు హిరోషిమాను నేలమీద నుండి చూచెను. పైనుండి చూచువానికి మంటయు పొగయు కనబడును. నేలమీద నడచువానికి మనుష్యులు కనబడుదురు.

కొన్ని దినములకు జపాను లొంగిపోయెను. నౌకాదళము రద్దాయెను. వీరుడని పొగడిన జనులే యిప్పుడు సైనికులను చూచి ముఖము త్రిప్పుకొనిరి. దేశము ఓడిపోయినందుకు, ఇండ్లు కాలినందుకు, ఆకలికి, అన్నిటికిని కారణము వీరే అనిరి. ఫుచిదా నారా ప్రాంతములోని తన ఊరికి పోయి వ్యవసాయము చేసెను. ఆకాశములో వందల విమానములను నడిపించినవాడు పొలములో మట్టి పిసుకుచుండెను. భూమిని నమ్ముకొనిన మా పాఠకులకు ఆ పనిలోని ఘనత తెలియును. కాని ఫుచిదాకు అది అవమానముగా తోచెను. అతని హృదయములో చేదు పేరుకొనెను.

పగకు సాక్ష్యము వెదకుచు

యుద్ధము ముగిసిన పిదప టోక్యోలో యుద్ధనేరములను గూర్చి విచారణలు జరిగెను. ఖైదీలను జపానువారు క్రూరముగా బాధించిరని అక్కడ సాక్ష్యములు వచ్చుచుండెను. ఫుచిదాకును సాక్షిగా పిలుపు వచ్చెను. ఇది గెలిచినవారి న్యాయమే కాని నిజమైన న్యాయము కాదని అతడు తలంచెను. అమెరికనులును మన ఖైదీలను అట్లే బాధించి యుందురు, దానిని రుజువు చేసెదనని పూనుకొని, అమెరికా చెరనుండి తిరిగివచ్చుచున్న జపాను సైనికులను విచారింపసాగెను. ఒకనాడు వారిలో తనయొద్ద పూర్వము పనిచేసిన విమాన సిబ్బందిలోని ఒకడు కనబడెను. అతడు చనిపోయెనని ఫుచిదా ఎప్పుడో నిశ్చయించుకొని యుండెను. కుశల ప్రశ్నలైన పిదప, చెరలో ఏయే హింసలు పెట్టిరో చెప్పుమని అడిగెను. హింసల కథ రాలేదు. ఒక యువతి కథ వచ్చెను.

ఆ యువతి పేరు మార్గరెట్ కోవెల్. పెగ్గీ అని పిలుతురు. ఆమె తలిదండ్రులు జేమ్స్ కోవెల్, చార్మా కోవెల్ అను మిషనరీలు. వారిని పంపినది అమెరికా బాప్తిస్టు మిషను. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతములకు మిషనరీలను పంపినదియు ఆ మిషనే. కోవెల్ దంపతులు చాలకాలము జపానులోని యొకొహామాలో బోధనపని చేసిరి. జపాను ప్రజలను ప్రేమించిరి. యుద్ధోన్మాదమును వ్యతిరేకించుటచేత అక్కడ ఉండుట కష్టమై, 1939లో ఫిలిప్పీను ద్వీపములకు మారిరి. జపాను సేనలు ఆ ద్వీపములనుకూడ పట్టుకొనగా, పనాయ్ ద్వీపములోని కొండలలో తోడి మిషనరీలతో కూడ దాగియుండిరి. ఆ స్థలమునకు నిరీక్షణ అను అర్థము వచ్చునట్లు హోప్‌వేల్ అని పేరు పెట్టుకొనిరి. చెట్ల నీడను, లోయలో, ఆకాశము క్రిందనే ఆరాధన స్థలము ఏర్పరచుకొనిరి. చుట్టుపట్ల ఉన్న ఫిలిప్పీను గ్రామస్థులు తమ ప్రాణములకు తెగించి వారికి ఆహారము తెచ్చియిచ్చిరి. 1943 డిసెంబరులో, క్రిస్మసుకు కొన్ని దినములు ముందు, జపాను సైనికులు వారిని కనుగొనిరి. పదునొకండుగురు మిషనరీలు అక్కడ చంపబడిరి. చంపబడుటకు ముందు కొంతసేపు ప్రార్థించుకొననిమ్మని అడిగిరి.

అప్పుడు పెగ్గీ అమెరికాలో ఉండెను. వార్త విన్నపుడు ఆమె హృదయము ద్వేషముతో నిండెను. ఇది మనము మరువరాదు. ఆమెయు మనవంటి మనిషియే. అయితే తన తల్లియు తండ్రియు చివరి గడియలో ఏమి ప్రార్థించి యుందురు అను ఆలోచన ఆమెను విడువలేదు. వారెరిగిన ప్రభువును, వారు ప్రేమించిన జపాను ప్రజలను తలంచుకొనగా, చంపినవారి కొరకే వారు ప్రార్థించి యుందురని ఆమెకు స్పష్టమాయెను. తలిదండ్రులు క్షమించినవారిని కుమార్తె ద్వేషించుట ఎట్లు? ఆమె లేచి ఉటా రాష్ట్రములో గాయపడిన జపాను ఖైదీలున్న ఆసుపత్రికి వెళ్లి వారికి సేవ చేయనారంభించెను. ఎందుకిట్లు చేయుచున్నావని ఖైదీలు అడుగగా ఆమె చెప్పిన కారణము వారిని నిశ్చేష్టులను చేసెను.

ఫుచిదాయు నిశ్చేష్టుడాయెను. తలిదండ్రులను చంపినవారిని చంపుట ధర్మమని అతడు నేర్చుకొని యుండెను. పగకు సాక్ష్యము వెదకుచు వచ్చినవానికి క్షమాపణకు సాక్ష్యము దొరకెను. ఆ యువతికి ఈ బలము ఎక్కడనుండి వచ్చెనో తెలిసికొనక అతనికి నెమ్మది లేకపోయెను.

ఒక చిన్న కరపత్రము

1948లో ఫుచిదా టోక్యోలోని షిబుయా రైలుస్టేషనులో దిగి పోవుచుండగా ఎవరో ఒక కరపత్రమును చేతికిచ్చిరి. దానిపేరు నేను జపానులో ఖైదీనైతిని అని అర్థమిచ్చునది. వ్రాసినవాడు జేకబ్ డిషేజర్ అను అమెరికా సైనికుడు. పెర్ల్ హార్బరు దాడిని విని పగతో రగిలి, 1942 ఏప్రిల్ 18వ తేదీన జపానుమీద జరిగిన మొదటి విమానదాడిలో పాల్గొని, నగోయా నగరముమీద బాంబులు వేసినవాడు. చైనాలో పట్టుబడి నలుబది మాసములు చెరలో ఉండెను. అందులో ఎక్కువ కాలము ఒంటరి గదిలోనే గడపెను. తోడివారిలో ముగ్గురిని జపానువారు చంపిరి. ఒకడు ఆహారము చాలక చెరలోనే చనిపోయెను. డిషేజర్ హృదయము పగతో నిండియుండెను. 1944లో మూడు వారములకు మాత్రము అతనికొక బైబిలు ఇచ్చిరి. మసకవెలుతురులో దానిని ఆకలిగొన్నవానివలె చదివెను. ఆ గదిలోనే క్రీస్తును అంగీకరించెను. అప్పటినుండి కాపలాదారులతో అతని మాటయు నడతయు మారెను. విడుదలయైన పిమ్మట వేదవిద్య నేర్చుకొని, 1948 డిసెంబరులో భార్యతో కూడ జపానుకే మిషనరీగా వచ్చెను. 1959లో తాను బాంబులు వేసిన నగోయా నగరములోనే సంఘము స్థాపించుటకు కాపురము మార్చెను.

ఫుచిదా ఆ కరపత్రమును చదివెను. పెగ్గీ కథయు ఈ ఖైదీ కథయు ఒకే ఊటలోనుండి వచ్చుచున్నట్లు తోచెను. బైబిలు కొని చదువసాగెను. 1949లో లూకా సువార్త 23వ అధ్యాయము 34వ వచనమునకు వచ్చెను. సిలువమీద వ్రేలాడుచు, తన్ను చంపుచున్నవారిని మన్నింపుమనియు, వారికి తాము చేయునది తెలియదనియు ప్రభువు తండ్రిని వేడుకొనిన చోటది. పెగ్గీ తలిదండ్రులు కొండలోయలో చేసిన ప్రార్థనకు మూలము ఇదియే అని అతనికి తెలిసెను. అంతమాత్రమే కాదు. ఆ ప్రార్థన తనకొరకును చేయబడినదని తెలిసెను. అనేకులను చంపినవాడు, ఎందుకు చంపుచున్నాడో ఎరుగనివాడు తానే. అక్కడ ఫుచిదా క్రీస్తుకు తన్ను అప్పగించుకొనెను. 1950లో డిషేజర్ ఇంటికి వెళ్లి తలుపు తట్టెను. ఒకడు పెర్ల్ హార్బరుమీద బాంబులు వేయించినవాడు, ఒకడు నగోయామీద వేసినవాడు. ఇరువురును సహోదరులుగా కలిసి ప్రార్థించి, కూటములలో ప్రక్కప్రక్కన నిలిచి సాక్ష్యమిచ్చిరి.

తిరిగి వెళ్లుట

క్షమాపణ పొందుట తన గదిలో జరిగిన పని. దానిని పట్టుకొని తాను గాయపరచినవారి యెదుటికి వెళ్లుట వేరు పని. 1952లో ఫుచిదా అమెరికాకు ప్రయాణమాయెను. ఊరూరు తిరిగి సంఘములలోను, బడులలోను, సైనికుల యెదుటను సాక్ష్యమిచ్చెను. హవాయికిని వెళ్లెను. పైనుండి గురి చూచిన ఓడరేవును ఈసారి ఆయుధము లేనివాడై నేలమీద నిలిచి చూచెను. నీటి అడుగున అరిజోనా ఓడయు, అందులోని మృతులును నేటికిని ఉన్నారు. ఆ మృతుల బంధువులు బ్రతికియున్న దేశములోనే అతడు క్రీస్తును ప్రకటింపవలసి యుండెను.

అందరును అతనిని చేర్చుకొనలేదు. కుమారులను పోగొట్టుకొనినవారిలో అనేకులకు అతని పేరు వినుటయే గాయము. జపానులోను పాత సహచరులు కొందరు, గెలిచినవారి మెప్పు కొరకు మతము మార్చుకొనెనని నిందించిరి. ఇటువారికి శత్రువు, అటువారికి ద్రోహి. దమస్కు నుండి యెరూషలేమునకు వచ్చిన సౌలు గతియు ఇదియే కదా. శిష్యులు అతనిని నమ్మక భయపడిరి. యూదులు అతనిని చంపజూచిరి. అయితే సౌలుకు ఒక బర్నబా దొరకెను. ఫుచిదాకును అమెరికా సంఘములలో అట్టి బర్నబాలు దొరకిరి. పెర్ల్ హార్బరును మరువకయే అతనికి చేయి చాచి, తమ ఇంట భోజనము పెట్టిన విశ్వాసులు వారు. ఈ చరిత్రలో వారి పేర్లు మనకు తెలియవు. ప్రభువు గ్రంథములో అవి వ్రాయబడి యుండును.

ఫుచిదా పలుమారులు అమెరికాలోను, ఇతర దేశములలోను సంచరించి సువార్త చెప్పెను. ఎటజిమాలోని సహపాఠి గెండా 1959లో జపాను వాయుసేనకు అధిపతియై, 1962లో పార్లమెంటు సభ్యుడాయెను. ఫుచిదా సువార్తికుడుగానే ఉండెను. అతని కుమారుడును కుమార్తెయు అమెరికాలోనే స్థిరపడిరి. తండ్రి బాంబులు వేసిన దేశము పిల్లలకు ఇల్లాయెను. మధుమేహముచేత బాధపడి, 1976 మే 30వ తేదీన, తన 73వ ఏట, జపానులో ప్రభువునందు నిద్రించెను.

ఒక మాట దాచకుండ చెప్పవలెను. ఫుచిదా తన యుద్ధానుభవములను గూర్చి గ్రంథములు వ్రాసెను. అతడు మిడ్వే యుద్ధమును వర్ణించిన తీరులో కొన్ని సంగతులు ఓడల లెక్కపత్రములతో సరిపడుట లేదని తరువాతి చరిత్రకారులు చూపిరి. మారుమనస్సు పొందినవాడు లోపములేనివాడు కాడు. మా ఉద్దేశము ఫుచిదాను పూజించుట కాదు. దావీదు పాపమును, పేతురు బొంకును దాచని బైబిలును చదువువారము మనము. ఆ మట్టిపాత్రలో ఉంచబడిన ధనమును చూడవలెను.

మనకు ఏమి?

మన గ్రామ సంఘములలో ఎవరును ఓడరేవులమీద బాంబులు వేయలేదు. మన యుద్ధములు చిన్నవి. గట్టు జానెడు జరిపినందుకు యుద్ధము. కాలువ నీరు రాత్రి మళ్లించినందుకు యుద్ధము. పెండ్లిలో పిలుపు సరిగా రాలేదని, తండ్రి ఆస్తి పంపకములో అన్యాయము జరిగెనని, సంఘ పెద్దల ఎన్నికలో ఓడించిరని యుద్ధము. ఒకే మందిరములో ఇద్దరు అన్నదమ్ములు చెరియొక ప్రక్క కూర్చుండి, ఒకే రొట్టెలో పాలుపొంది, బయట దారిలో ఎదురుపడిన ముఖము త్రిప్పుకొందురు. పదియేండ్లుగా ఒకరి గడప ఒకరు త్రొక్కనివారు మన సంఘములలో లేరా? ఫుచిదా సముద్రము దాటి వెళ్లెను. మనము వీధి దాటలేకున్నాము.

యాకోబు అన్నను మోసగించి పారిపోయెను. ఇరువది సంవత్సరముల పిమ్మట మందలతోను, భార్యాబిడ్డలతోను తిరిగి వచ్చుచుండగా, ఏశావు నాలుగు వందలమందితో ఎదురుగా వచ్చుచున్నాడని విని వణకెను. అయినను దారి మార్చుకొనలేదు. కుంటుచు, ఏడుమారులు నేలకు వంగుచు నడచెను. అతనిని కౌగిలించుకొనుటకు అన్న పరుగెత్తి వచ్చెను. దేవునితో సమాధానపడినవాడు అన్నతో సమాధానపడకుండ ఇల్లు చేరలేడని ఆ అధ్యాయము మనకు నేర్పుచున్నది. బలిపీఠము యొద్ద అర్పణము విడిచి, ముందు సహోదరుని యొద్దకు వెళ్లుమని ప్రభువు కొండమీద బోధించినదియు ఇదియే.

అయితే కీడు చేసినవాడు వెళ్లుట ఒక్కటే చాలదు. కీడుపొందినవారి పని ఇంకను కష్టమైనది. పెగ్గీ కోవెల్ తన దుఃఖమును లేనట్లు నటింపలేదు. తలిదండ్రుల మరణము చిన్నదని చెప్పలేదు. గాయమును గాయమని ఒప్పుకొనియే ఆమె ఆసుపత్రి మెట్లెక్కెను. క్షమించుట అనగా జరిగినది మంచిదే అని చెప్పుట కాదు. అన్యాయమును న్యాయమనుట కాదు. తీర్పును దేవుని చేతిలో విడిచి, పగను మన చేతిలోనుండి విడుచుట. అది మన స్వంత బలముచేత కానిది. అందుచేతనే పెగ్గీ, డిషేజర్, ఫుచిదా ముగ్గురును ఒకే సిలువ యొద్దకు రావలసి వచ్చెను.

మరియొక సంగతి గమనింపుడు. పెగ్గీ గొప్ప ప్రసంగము చేయలేదు. ఆసుపత్రిలో రోగుల పడకలయొద్ద సేవ చేసెను. ఆ సేవ ఒక ఖైదీ నోట సముద్రము దాటి, తాను ఎన్నడు చూడని మనుష్యుని హృదయమును తట్టెను. మన ఊరిలో మనము క్షమించిన ఒక క్షమాపణ ఎక్కడెక్కడికి పోయి ఎవరిని తట్టునో మనకేమి తెలియును? విత్తువాని పని విత్తుట, మొలిపించువాడు దేవుడు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. నేను కీడు చేసి, మరల ముఖము చూపక తప్పించుకొని తిరుగుచున్న ఇల్లు ఏది?
2. నాకు కీడు చేసినవాడు రేపు నా గుమ్మము ముందుకు వచ్చిన, నేను ఏశావు వలె ఎదురు పరుగెత్తుదునా?
3. మన సంఘములోనికి మారుమనస్సుతో వచ్చినవానిని పాత పేరుతోనే పిలుచుచున్నామా? అతనికి బర్నబాగా నిలుచువారు ఎవరు?

ప్రార్థన

ప్రభువా, నిన్ను సిలువ వేసినవారి కొరకు నీవు వేడుకొనినపుడు మా కొరకును వేడుకొంటివి. మేము గాయపరచినవారి యెదుటికి వెళ్లుటకు మాకు దీనమనస్సు దయచేయుము. మమ్మును గాయపరచినవారిని చేర్చుకొనుటకు మాకు బలము దయచేయుము. యుద్ధములవలన నేటికిని దుఃఖించుచున్న సమస్త దేశములకు నీ సమాధానము అనుగ్రహింపుము. మా గ్రామములో, మా సంఘములో, మా యింటిలో మొదలుపెట్టుము. ఆమేన్.